ఊళ్ళో మిగిలినవాళ్ళ కాపలా

దగ్గరికి జరగండర్రా, పొగ అటు కొడుతోంది. చంటిదాన్ని నా ఒళ్ళో పడుకోబెట్టు. మా అవనిగడ్డలో పుష్యమాసపు చలి ఎముకల్లోకి దిగుతుంది, ఇంకో రెండు తాటిమట్టలు వేస్తేగానీ ఈ నెగడు నిలవదు. పొద్దున పెద్దాడు వాడి ఫోన్లో ఒక పాత ఇంగ్లీషు నాటకం చూపించాడు. లండన్లో ఇప్పటికీ జనం దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తారట. అది చూసినప్పటినుంచీ మా నాన్నే కళ్ళముందు తిరుగుతున్నాడు.

దాని పేరు డాడ్స్ ఆర్మీ. బీబీసీ వాళ్ళు 1968 నుంచి 1977 దాకా తొమ్మిది విడతలుగా ఎనభై భాగాలు తీశారు. ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున ఒక ఊరు, కల్పించిన ఊరే. హిట్లరు ఏ రాత్రి సముద్రం దాటి వస్తాడోనని అక్కడ ఒక చిన్న దండు కాపలా కాస్తుంది. వయసులో ఉన్నవాళ్ళంతా యుద్ధానికి వెళ్ళిపోయారు. మిగిలింది జుట్టు నెరిసినవాళ్ళు, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు, మీసాలు రాని కుర్రాళ్ళు. బ్యాంకు మేనేజరే కెప్టెను. ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా సార్జెంటు. మాంసం కొట్టాయన, శవపేటికలు చేసే ఆయన, చాటుమాటుగా సరుకు అమ్ముకునే ఒకడు, అమ్మ మఫ్లరు చుట్టి పంపించే పిల్లాడు. వాళ్ళ తడబాట్లకి పెద్దాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

అదంతా పూర్తిగా కల్పన కాదట. 1940 మే 14న వాళ్ళ మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపిచ్చాడు, పదిహేడేళ్ళ నుంచి అరవై అయిదేళ్ళ లోపువాళ్ళు ఊరు కాచుకోవడానికి రండని. ఆయన మాట ముగిసేలోపే పోలీసు ఠాణాల దగ్గర జనం వరస కట్టారట. మొదట్లో వాళ్ళకి ఇవ్వడానికి తుపాకులు కూడా లేవు. నాటకం రాసిన ఇద్దరిలో జిమ్మీ పెర్రీ అనే ఆయన కుర్రతనంలో హోంగార్డు అనే ఆ దళంలోనే పనిచేశాడు. తను చూసిన మనుషుల్నే రాశాడు కాబట్టి వాళ్ళని చూసి నవ్వుతాం గానీ వాళ్ళంటే చులకన పుట్టదు.

అలాంటివాళ్ళు మన బందరులోనూ ఉన్నార్రా. వాళ్ళమీద ఎవరూ నాటకం తియ్యలేదు. అందుకే చెప్తున్నాను, వినండి.

1942 సంగతి. నాకు పదేళ్ళు. గొడుగుపేటలో మా ఇల్లు. నాన్న బళ్ళో లెక్కల పంతులు. ఆ ఏడు మాఘమాసం నుంచే పెద్దవాళ్ళ మొహాలు మారిపోయాయి. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగం జపానువాడి చేతికి చిక్కింది. రంగం అంటే మీకు తెలియదు, రంగూన్ని మేం అలాగే అనేవాళ్ళం. కోస్తా జిల్లాల నుంచి అక్కడికి వలసవెళ్ళి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో పనిచేసుకుంటున్న తెలుగువాళ్ళు లక్షల్లో ఉండేవారు. వాళ్ళంతా కట్టుబట్టలతో అడవులు, కొండలు పట్టుకుని నడిచొస్తున్నారు. దారిలో ఎంతమంది పోయారో ఎవరికీ లెక్క లేదు. రంగం నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది, కిరసనాయిలు ఆగిపోయింది. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డు జపానువాడిది, ఇవతలి ఒడ్డు మనది. మధ్యన నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

అసలు బందరువాళ్ళకి సముద్రం భయం కొత్తగా పుట్టింది కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్పైవేల మందిని మింగిందని మా బామ్మ చెప్పేది, ఆవిడకి వాళ్ళ అమ్మ చెప్పిందట. అలాంటి ఊరికి ఇప్పుడు సముద్రం మీంచి విమానాలొస్తాయంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు ఏ.ఆర్.పి. అని ఒకటి పెట్టారు. బాంబులు పడితే ఊరిని కాచుకునే ఏర్పాటు. పేటకి కొంతమంది వార్డెన్లు. అందులో ఎవరున్నారనుకున్నారు? ప్లీడరు గుమాస్తా ఒకాయన, ఆయాసపు మనిషి. కిరాణా కొట్టు శెట్టిగారు. పింఛను పుచ్చుకున్న పోస్టుమాస్టరు. కాలేజీ చదివే ఇద్దరు కుర్రాళ్ళు. మా నాన్న. ఆయనకి నలభై దాటాయి, కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్న మనిషి ఆడో మగో తెలియదు. పటాలంలోకి ఎవరు తీసుకుంటారు? చేతికో పట్టీ కట్టారు, ఒక ఈల ఇచ్చారు. ఇసుక నింపిన బాల్చీ, నీళ్ళ బాల్చీ, ఒక కర్ర. ఆయుధాలంటే అవే.

పొద్దుగూకిందంటే వాళ్ళు బయల్దేరేవాళ్ళు. ఏ ఇంటి కిటికీలోంచీ వెలుగు బయటికి రాకూడదు. లాంతరు చిమ్నీకి పైసగం నల్లకాగితం అతికించాలి. గాజు తలుపులుంటే కాగితం ముక్కలు అడ్డంగా అంటించాలి, అదిరినా పెంకులు ఎగరకుండా. బడి ఆవరణలో గోతులు తవ్వారు. మన బందరు నేల సంగతి తెలుసుగా, రెండు మూరలు తవ్వితే నీరు ఊరుతుంది. ఆ గోతుల్లో కప్పలు చేరాయి. పిల్లలం అక్కడ దిగి ఆడుకుంటుంటే నాన్న కేకలేసి బయటికి లాగేవాడు. ఊరంతా నవ్వింది. పంతులుగారి ఈల వింటే జపానువాడు పారిపోతాడా అన్నారు. నాన్న పట్టించుకోలేదు.

ఆయన చేసిన అసలు పని ఈల ఊదడం కాదు. ఒక నోటుపుస్తకం కుట్టుకున్నాడు. లెక్కల పంతులు కదా, గీతలు గీసి గళ్ళు చేశాడు. మా వీధిలో ప్రతి గడపకీ ఒక వరస. ఇంట్లో ఎంతమంది, అందులో నడవలేనివాళ్ళెవరు, చంటిపిల్లలెంతమంది, చూపు లేనివాళ్ళున్నారా, రాత్రి పడుకునేది ఏ గదిలో, ఎవరికి బండి ఉంది, ఎవరికి ఎడ్లున్నాయి, ఎవరి నుయ్యి దగ్గర, వాళ్ళ చుట్టాలు ఏ ఊళ్ళో ఉన్నారు. బాంబు పడి ఇల్లు కూలితే మట్టి తవ్వేవాడికి లోపల ఎంతమందున్నారో తెలియాలి కదా. తెలియకపోతే ఎప్పుడు ఆపాలో తెలియదు, ఎక్కడ తవ్వాలో తెలియదు.

ఆ పుస్తకం సగం నింపింది మా అమ్మ. మగవాళ్ళు గుమ్మంలో నిలబడి అడిగితే పైపై సంగతులే చెప్తారు. ఏ కోడలికి నెలలు నిండాయో, ఏ ముసలావిడ మంచంలోంచి లేవడం లేదో, ఎవరి పిల్లాడికి మూర్ఛ వస్తుందో నూతి దగ్గర ఆడవాళ్ళకి తెలుస్తుంది. అమ్మ రాత్రి అన్నం వడ్డిస్తూ ఒక్కొక్కటే చెప్పేది, నాన్న ఎడమచేత్తో రాసుకునేవాడు. చేతి పట్టీ ఆయనకే కట్టారు గానీ కాపలా ఇద్దరిదీ.

చిత్రభాను ఉగాది వెళ్ళి మూడు వారాలైందో లేదో, ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజే కొలంబో మీద బాంబులేశారు. ఆ సోమవారం విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడ్డాయి. మనకి కబురు సాయంత్రానికి చేరింది. నోటినుంచి నోటికి వచ్చేసరికి కాకినాడ బూడిదైపోయిందన్నారు, జపాను ఓడలు అంతర్వేది దగ్గర కనబడుతున్నాయన్నారు. నిజంగా జరిగింది అంత కాదు. కానీ సముద్రం మీద ఆ వారంలో వాళ్ళు ముంచిన సరుకు ఓడలు తక్కువేం కావు. మద్రాసే ఖాళీ అయిపోయింది. హైకోర్టుని కోయంబత్తూరుకి మార్చారు. బాంబు పడితే బోను విరిగి ఊరి మీద పడతాయని అక్కడి జంతువుల కొట్టంలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. మద్రాసే అలా ఉంటే మన బందరుకి ధైర్యం చెప్పేవాళ్ళెవరు?

మర్నాడు బందరు స్టేషను చూడాలి. తట్టలు, బుట్టలు, పరుపు చుట్టలు, మేకలు. మమ్మల్ని గుడివాడ అవతల అమ్మమ్మగారి ఊరికి పంపించేశాడు నాన్న. పెదన, కవుతరం, గుడ్లవల్లేరు, ప్రతి స్టేషనులోనూ జనం ఎక్కుతూనే ఉన్నారు. అమ్మ ఏడ్చింది, మీరూ రండి అంది. "వీధి చివర మంచంలో ఉన్న ఆవిణ్ణి ఎవరు మోస్తారు? ఆవిడ కొడుకు మిలటరీలో ఉన్నాడు" అన్నాడు. అంతే. కళ్ళజోడు సర్దుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. యుద్ధానికి వెళ్ళేవాణ్ణి స్టేషనుకొచ్చి సాగనంపుతారు. మేం రైలెక్కి వెళ్తుంటే ఊళ్ళో మిగిలే మనిషి మమ్మల్ని సాగనంపాడు.

ఆ వేసవంతా బందరులో ఇళ్ళకి తాళాలు. కాలేజీ ఖాళీ, కచేరీ ఖాళీ. నాన్నా, ఆయాసపు గుమాస్తాగారూ, పోస్టుమాస్టరుగారూ, శెట్టిగారూ ఒక్కచోట వండుకునేవారట. మా నాన్నకి గంజి వార్చడం కూడా రాదు, శెట్టిగారే నేర్పారు. తాళాలేసిన ఇళ్ళలో దొంగలు పడకుండా వీధులు తిరిగేవారు. వదిలేసిన ఆవులకి నీళ్ళు పెట్టేవారు. కదల్లేక ఉండిపోయిన ముసలివాళ్ళకి రోజూ అన్నం పంపేవారు. రంగం నుంచి నడిచొచ్చిన ఒక కుటుంబం బందరు చేరితే బడి గదిలోనే ఉంచారు. జపానువాడు రాలేదు. వర్షాలు పడ్డాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళు తాళాలు తీసుకుని, వస్తువులు సరిచూసుకుని, అనవసరంగా భయపడ్డామని నవ్వుకున్నారు. తాళాలు ఎవరివల్ల భద్రంగా ఉన్నాయో ఎవరూ అడగలేదు.

మేం మాత్రం యుద్ధం సగం కాలం గుడివాడ వైపే ఉండిపోయాం. అక్కడ మావయ్య ఊరి పెత్తనం చూసేవాడు. ఆయన కాపలా వేరే రకం. బర్మా బియ్యం ఆగిపోయాక మలబారుకీ ఇతర కరువు జిల్లాలకీ మన డెల్టా ధాన్యమే దిక్కయింది. సర్కారు కంట్రోలు ధరకి ధాన్యం కొలిపించుకునేది. బట్ట కంట్రోలు, పంచదార కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. బెజవాడ బస్సుకి పెట్రోలు లేక వెనకాల ఇనప పీపా తగిలించి, బొగ్గులు మండించి ఆ పొగతో నడిపేవారు. చిన్న ఎత్తు వస్తే మగవాళ్ళు దిగి తోసేవారు. 1943లో రాగి పొదుపుకి మధ్యలో చిల్లున్న కానీ వచ్చింది. మేం దారానికి గుచ్చి మొలతాడుకి కట్టుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో గుడివాడ చుట్టుపక్కల కుర్రాళ్ళంతా ఇళ్ళలోనే ఉన్నారని అనుకోకండి. మిలటరీలోకి వెళ్ళినవాళ్ళున్నారు, జైలుకి వెళ్ళినవాళ్ళున్నారు. ఆగస్టులో క్విట్ ఇండియా అనగానే మా బందరు పట్టాభి సీతారామయ్యగారిని పట్టుకెళ్ళి నెహ్రూగారితో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. చౌటపల్లి కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకుని వచ్చి, పాటలు పాడి, ఆ ఉద్యమంలోనే జైలుకెళ్ళాడు. తర్వాత ఆ గొంతు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఇంటిపట్టున ఉన్నవాళ్ళు నాటకాలాడేవారు. దుక్కిపాటి మధుసూదనరావుగారి సమాజంలో రామాపురం పిల్లాడు ఒకడు ఆడవేషాలు కట్టేవాడు. చీర కట్టి స్టేజీ ఎక్కితే ఆడవాళ్ళమే తెల్లబోయేవాళ్ళం. ఆ పిల్లాడే అక్కినేని నాగేశ్వరరావు. 1944లో సీతారామ జననంలో రాముడైపోయాడు. రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో, పెట్రోమాక్సు దీపానికి నల్లగుడ్డ కప్పి, ఊళ్ళో మిగిలినవాళ్ళంతా ఒక్కచోట కూర్చుని నవ్వడం ఎంత ధైర్యాన్నిచ్చేదో నాకు తెలుసు. ఇంగ్లండువాళ్ళు ఆ రోజుల్ని తలుచుకుని నవ్వే నాటకం తీశారంటే నాకు ఆశ్చర్యం లేదు.

1945లో యుద్ధం అయిపోయింది. మా నాన్న చేతిపట్టీ తీసి గూట్లో పెట్టాడు. ఎవరూ మెడలో దండ వెయ్యలేదు. నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చింపి మా చిన్నతమ్ముడికి ఎక్కాలు రాసుకోవడానికిచ్చాడు. రాసిన కాగితాలు మాత్రం దాచాడు. ఎందుకు నాన్నా అంటే, "పేర్లు రాసినవి పారెయ్యకూడదమ్మా" అన్నాడు.

నాకు పెళ్ళయి పులిగడ్డ దాటి ఈ దివిసీమకొచ్చాను. మీ తాతయ్యది వ్యవసాయం. రేడియో కొన్నది ఈ ఇంట్లోనే మొదలు. బెజవాడ స్టేషను 1948 డిసెంబరులో పెట్టారుగా, సాయంత్రం వార్తలకి అరుగు నిండిపోయేది. 1962లో చైనావాడు వచ్చిపడినప్పుడు ఆ రేడియో ముందే నిలబడి విన్నాం. రక్షణ నిధికి బంగారం ఇమ్మన్నారు. నా మెళ్ళో చంద్రహారం తీసి ఇచ్చాను. మీ తాతయ్య వద్దనలేదు, ఇవ్వమనీ అనలేదు, కళ్ళు మాత్రం తడయ్యాయి. హోంగార్డులనే దళం బొంబాయిలో 1946లోనే మొదలైనా, దేశమంతటా ఒక పద్ధతిలో పెట్టింది ఈ చైనా యుద్ధం తర్వాతే. పొలం పనీ, కొట్టు పనీ చేసుకుంటూనే అక్కర పడ్డప్పుడు ఖాకీ వేసుకుని వచ్చేవాళ్ళు వాళ్ళు.

1965లో శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానెయ్యమన్నారు. వరి పండించే ఊళ్ళో, గాదెల నిండా ధాన్యం ఉన్న ఇళ్ళలో కూడా మానేశాం. పిల్లలకి పెట్టి మేం మజ్జిగ తాగి పడుకునేవాళ్ళం. జై జవాన్, జై కిసాన్ అని ఆయన ఒక్క ఊపిరిలో అన్నాక, మీ తాతయ్య పొలానికి వెళ్ళే నడకే మారిపోయింది. సరిహద్దుకి పోలేని మనిషికి ఆ మాట ఎంత బలమో అప్పుడు చూశాను.

1971లో యుద్ధం మన సముద్రానికే వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముంగిట ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి మునిగిపోయింది. మన విమానాల ఓడ విక్రాంత్ కోసం వచ్చి కాచుకుని కూర్చుంది. సముద్రం మీద తేలుతున్న సామాను చూసి కబురు చేసింది చేపలు పట్టేవాళ్ళే. రోజూ ఆ నీళ్ళు చూసే కళ్ళకే కదా తేడా కనబడేది. మన వైపు కూడా లారీల దీపాలకి పైసగం నల్లరంగు పూశారు, రాత్రిళ్ళు దీపాలు తగ్గించమన్నారు. మీ తాతయ్యా మరో నలుగురూ కరకట్ట మీద తిరిగేవారు. నాకు మా నాన్న ఈల గుర్తొచ్చింది. కానీ ఈసారి ఎవరూ గళ్ళు గీసి పేర్లు రాయలేదు. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది, అందరం మర్చిపోయాం.

ఇప్పుడు చెప్పేది కష్టమైన మాట. డాడ్స్ ఆర్మీ ఆఖరి భాగం 1977 నవంబరు 13న వేశారని పెద్దాడు చెప్పాడు. ఆ మాట వినగానే నా గుండె ఆగినట్టయింది. సరిగ్గా ఆరు రోజులకి, 19వ తారీకు శనివారం, మన మీద ఉప్పెన పడింది.

కార్తీకమాసం. చేలు కోతకొచ్చి ఉన్నాయి. పొద్దుటినుంచీ గాలి. మధ్యాహ్నానికి ఆ గాలి మనిషిని నిలబడనివ్వలేదు. ఆ సాయంత్రం సముద్రం మూడు నాలుగు నిలువుల గోడయి నేల మీదకొచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, కోడూరు, నాగాయలంక వైపు ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. మేం కాస్త లోపలికి ఉండబట్టి బతికాం. మర్నాడు నీళ్ళలో నడిచి వెళ్ళినవాళ్ళలో మీ తాతయ్య ఒకడు. పటాలం వచ్చేలోపు వెళ్ళింది ఊళ్ళవాళ్ళే. రైతులు, పంతుళ్ళు, కాలేజీ పిల్లలు. తాటిచెట్టు మొవ్వు పట్టుకుని రాత్రంతా వేలాడిన మనుషుల్ని దింపారు. పశువులూ మనుషులూ కలిసిపోయి ముళ్ళకంపల్లో ఉన్నాయి. మండలి వెంకటకృష్ణారావుగారు మంత్రి అయి ఉండి కూడా మన దివిసీమ బురదలో తిరిగి పనిచేయించారు. మదర్ థెరిసా వచ్చింది. పదివేల మంది పోయారని సర్కారు చెప్పింది. అంతకన్నా ఎక్కువని మేం అనుకున్నాం.

మీ తాతయ్య వారం తర్వాత ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ఒక్క మాటే అన్నాడు. "ఎవరు పోయారో తెలియడం లేదే. ఆ ఇంట్లో ఎంతమంది ఉండేవారో చెప్పడానికి ఆ వీధిలో ఒక్కరూ మిగల్లేదు." అప్పుడు నాకు మా నాన్న పుస్తకం గుర్తొచ్చింది. ముప్పై అయిదేళ్ళ కిందట జపానువాడి కోసం రాసిన లెక్క, ఉప్పెన రోజున దివిసీమ ప్రతి పల్లెలో ఉండాల్సిన లెక్క. ఊళ్ళో మిగిలిన మగాళ్ళు చేసిన కాపలా ఏ శత్రువూ రాక వృథా అయిందని నవ్వాం. శత్రువు మారింది గానీ అదే సముద్రం మీంచి వచ్చింది. వచ్చిన రోజున ఈల ఊదే పంతులు లేడు. తుఫాను వస్తుందన్న మాట పట్నాల్లో తెలిసిందన్నారు. సముద్రపు ఒడ్డున ఆఖరి గుడిసె దాకా నడిచెళ్ళి, పిల్లల్ని లెక్కపెట్టి బయటికి లాక్కొచ్చినవాడు మా వైపు లేడు.

అలా చేస్తే ఏమవుతుందో 1990లో చూశాం. మే 9న అంతకు తగ్గని తుఫాను మన బందరు దగ్గరే దాటింది. ఈసారి ముందే అయిదు లక్షల మందికి పైగా జనాన్ని ఇళ్ళలోంచి కదిలించారు. పంటలు పోయాయి, ఇళ్ళు పోయాయి. మనుషులు మాత్రం వెయ్యిమందికి లోపే పోయారు. అదే సముద్రం, అదే ఒడ్డు. మధ్యలో తేడా ఏమిటంటే, తలుపు తట్టినవాళ్ళున్నారు. రెవిన్యూవాళ్ళు, పోలీసులు, హోంగార్డులు, బడిపంతుళ్ళు, తలారులు. వాళ్ళలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? నాకూ తెలియదు.

ఇప్పుడు మనకి కళ్ళు ఎక్కువయ్యాయి. బందరులో 2004లో పెట్టిన డాప్లర్ రాడారు సముద్రం మీద మబ్బుని దూరం నుంచే పట్టేస్తుంది. అదే బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని బడిపిల్లల ప్రయోగశాలల సామాను చేసే చిన్న కార్ఖానా పుట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. అక్కడ చేసిన రాత్రి చూపు అద్దాలు పెట్టుకునే మన సిపాయి చీకట్లో సరిహద్దు చూస్తున్నాడు. తుపాకీ పట్టని బందరు మనిషి చేతిపని అది. 2025 మే నెలలో మన నాగాయలంక దగ్గర క్షిపణులు పరీక్షించే చోటుకి శంకుస్థాపన జరిగింది. అదే నెల 7వ తారీకున దేశమంతా యుద్ధం వస్తే ఏం చెయ్యాలో అభ్యాసం చేశారు. విశాఖలో సైరన్లు మోగడం టీవీలో చూశాను. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. తియ్యనివ్వండి. 1942లో మేం గోతుల్లో కప్పలు పట్టుకోలేదా? నేర్చుకోవడం అలాగే మొదలవుతుంది.

అయితే రాడారు మబ్బుని చూస్తుంది గానీ మంచంలో ఉన్న ముసలమ్మని చూడదు. అది మనిషే చూడాలి. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు మన వీధిలో అందరి ఫోన్లూ మోగాయి. మూడో ఇంట్లో చెవుడున్న ఆవిడకి ఫోనే లేదు. పక్కింటి కోడలు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. తోచకపోతే?

నేను తొంభై దాటినదాన్ని. యుద్ధానికి వెళ్ళినవాళ్ళకి విగ్రహాలు పెట్టడం చూశాను, పెట్టాల్సిందే. మన పక్క గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అని ఊరుంది, ఇంటికొక సిపాయి. ఆ ఊరికి దండం పెడతాను. కానీ వెళ్ళలేనివాడు, ఎవరూ వెళ్ళనివ్వనివాడు, కళ్ళు కనబడనివాడు, ఆయాసం ఉన్నవాడు, ఆడది, ముసలి, పిల్ల, వీళ్ళందరూ ఊళ్ళోనే ఉంటారు. ఊరంటే వాళ్ళే. వాళ్ళు ఒకరి లెక్క ఒకరు చూసుకుంటేనే సిపాయి తిరిగొచ్చేసరికి ఇల్లంటూ ఉంటుంది.

అందుకని ఈ పండక్కి మీకో పని చెప్తాను. అందరూ ఎలాగూ వచ్చారు, మూడు రోజులుంటారు. రేపు భోగి మంటయ్యాక పెద్దాడూ, చిన్నదీ కలిసి ఒక పుస్తకం తీసుకోండి. మన వీధి ఆ మొగ నుంచి ఈ మొగ దాకా ప్రతి ఇంటికీ వెళ్ళండి. అరిసెలు పట్టుకెళ్ళండి, ఊరికే వెళ్ళకండి. ఎంతమంది, నడవలేనివాళ్ళెవరు, మందులు వేసుకునేవాళ్ళెవరు, పిల్లలు ఏ దేశంలో ఉన్నారు, వాళ్ళ ఫోను నంబరు ఏమిటి, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది, అన్నీ రాయండి. మగాళ్ళు చెప్పింది రాసుకుని వచ్చెయ్యకండి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆడవాళ్ళని అడగండి. ఒక నకలు పంచాయతీ ఆఫీసులో ఇవ్వండి, ఒకటి ఈ ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి సంక్రాంతికి దాన్ని సరిచూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.